చావును దండుగయు: వీడియో క్రీడలలో ఆటగాని పూనిక

విషయోపక్రమము

"నేను చచ్చితిని" అను వాక్యమునకు వ్యాకరణమున దోషము లేదు. లోకమున మాత్రము దానికి తావు లేదు. ఉత్తమపురుషమున, భూతకాలమున ఈ క్రియను వాచ్యార్థముతో పలుకుటకు పలుకువాడు మిగిలియుండడు. భయమును దెలుపుటకో విసుగును దెలుపుటకో మనము దానిని వాడుచున్నాము గాని యది లాక్షణికము. అయినను ఈ మాటను సంకోచము లేక, జరిగిన సంఘటనను జరిగినట్లు దెలుపుటకై పలుకు చోటొకటి కలదు. అది ఆట. చెడుగుడులో కూతకు పోయి పట్టుబడిన బాలుడు తాను చచ్చితినని యొప్పుకొని గీత యావల కూర్చుండును. తన జట్టువా డొకడు ఎదిరిని చంపివచ్చినప్పుడు బ్రతికి మరల బరిలోనికి వచ్చును. అష్టాచెమ్మలో కాయను చంపుదురు. చచ్చిన కాయ తన యింటికి బోయి మొదటినుండి నడువవలెను. గళ్లన్నియు తిరిగి నడిమింటికి చేరిన కాయ పండును. నేడు చేతిఫోనుపై ఆడుకొను విద్యార్థియు నీ మాటనే పలుకుచున్నాడు. యంత్రము మారినది, మాట మారలేదు.

ఆటలోని చావునకు ఆటగాడు చెల్లించుకొను మూల్యమును గూర్చి వీడియో క్రీడల నిర్మాతలును, మనశ్శాస్త్రజ్ఞులును బహుకాలముగా చర్చించుచున్నారు. దానిని తెలుగున 'మరణదండన' మన్నచో న్యాయస్థానమువారు విధించు శిక్ష స్ఫురించును. అచట మరణమే దండనము. ఇచట మరణమునకు దండనము. రెండింటికిని విగ్రహవాక్యమే వేరు. కావున మేమీ వ్యాసమున 'చావు దండుగ' అను మాటను గ్రహించుచున్నాము. ఇందుకు మరియొక కారణమును గలదు. 'దండుగ' కు మన భాషలో రెండర్థములున్నవి. తప్పు చేసినవానిచే కట్టించుకొనునది దండుగ. ఫలము లేక వ్యర్థమైపోయినదియు దండుగయే. "ఊరివారు దండుగ వేసిరి" అనునప్పుడు మొదటి యర్థము, "చేసినదంతయు దండుగ" అనునప్పుడు రెండవ యర్థము.

ఆటలో చచ్చినవానికి దండుగ వేయుటవలన వాని పూనిక పెరుగునా, విరుగునా యనునది ప్రశ్న. దండుగ మొదటి యర్థమున నున్నంతవరకు పూనికను నిలుపుననియు, రెండవ యర్థమునకు జారినచోట దానిని చంపుననియు మా ప్రతిపాదనము. దండుగ పెద్దదా చిన్నదా యనుట రెండవ విషయము. అది దేనిని తీసికొనుచున్నది, దేనిని విడుచుచున్నది యనుటయే మొదటి విషయము. ఈ క్రీడల నెరుగని పాఠకుల నుద్దేశించి ముందుగా వాని చరిత్రను కొంత వివరింతము.

చారిత్రకదృష్టి

1978వ సంవత్సరమున జపానుదేశపు టైటో సంస్థవారు 'స్పేస్ ఇన్‌వేడర్స్' అను క్రీడను వెలువరించిరి. తొమొహిరో నిషికాడో దాని నిర్మాత. 1980లో నామ్కో సంస్థనుండి తోరు ఇవాతాని నిర్మించిన 'పాక్‌మాన్' వచ్చినది. ఇవి యింటి క్రీడలు కావు. అంగళ్లలో నిలిపిన యంత్రములు. నాణెము వేసినచో ఆటగానికి మూడో నాలుగో ప్రాణములు లభించును. అవి యయిపోయిన పిదప మరల నాణెము వేయవలెను. ఆటగాడొక్కడే యంత్రమును గంటలకొలది ఆక్రమించినచో అంగడివానికి రాబడి లేదు గదా! కావున నానాడు చావు యొక్క ప్రయోజనము కొంతవరకు లెక్కలకు సంబంధించినది. చచ్చుటయనగా వంతు ముగియుట.

1985లో నింటెండో సంస్థవారి 'సూపర్ మారియో బ్రదర్స్' ఇంటి దూరదర్శనికి కలిపి యాడుకొను యంత్రముపై వచ్చినది. అందు నాణెము వేయు రంధ్రము లేదు, వెనుక వేచియున్న జనము లేరు. అయినను ఆటగానికి మూడు ప్రాణములే యిచ్చిరి. కారణము పోయినను ఆచారము నిలిచినది. అర్థము నశించినను రూపము మిగిలిన ప్రత్యయములను భాషాశాస్త్రమున మనము చూచుచునే యున్నాము, ఇదియు నట్టిదే. 2017లో ఆ పరంపరకే చెందిన 'సూపర్ మారియో ఒడిస్సీ' లో ప్రాణముల లెక్కను తీసివేసి, చచ్చినప్పుడెల్ల పది నాణెములను మాత్రము తీసికొను పద్ధతిని పెట్టిరి. ఆచారము వదలుటకు ముప్పది రెండేండ్లు పట్టినది.

దీనికి సమాంతరముగా మరియొక పాయ నడచినది. 1980 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ లు 'రోగ్' అను క్రీడను నిర్మించిరి. చీకటి గుహలలో దిగి పోవు నీ క్రీడలో చచ్చినవానికి పునర్జన్మము లేదు. సంపాదించిన యాయుధములు, ధనము సర్వమును పోవును. మొదటి మెట్టునుండి క్రొత్తవాడై దిగవలెను. కాని గుహలు ప్రతిసారియు క్రొత్తగా నేర్పడును. దీనిని బట్టి వచ్చిన క్రీడలకు 'రోగ్‌లైక్' అను జాతినామమే యేర్పడినది. 1986లో జపానునుండి వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' లో యూజీ హోరీ మధ్యేమార్గమును త్రొక్కెను. వీరుడు చచ్చినచో రాజసన్నిధిని మరల లేచును. చేతిలోని ధనమున సగము పోవును. కాని గడించిన యనుభవము పోదు. డబ్బు తీసికొని విద్యను విడిచిన దండుగ యిది. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొన గోరుచున్నాము.

అంతర్జాలము వచ్చిన పిదప వేలకొలది జనులొకే లోకమున గూడి యాడు క్రీడలు పుట్టినవి. 1999లో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్' యొక్క తొలిదినములలో చావు దండుగ కడు కఠినము. అనుభవాంకములు తగ్గును, చేరిన మెట్టు నుండి క్రిందికి జారుటయు గలదు. శవము చచ్చినచోటనే పడియుండును; సామగ్రి యంతయు దానిపైననే యుండును. ఆటగాడు వేరొకచోట వట్టిచేతులతో లేచి, తనను చంపిన మృగముల మధ్యకే మరల పోయి తన శవమును తాను తెచ్చుకొనవలెను. 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఈ కాఠిన్యమును చాలవరకు సడలించినది. అందు చచ్చినవాడు ప్రేతరూపమున శ్మశానమునుండి పరుగిడి శవమును చేరిన చాలును, లేచును. అనుభవమున కేమియు లోటు రాదు. ధరించిన కవచాదులు పదవ వంతు అరుగును, వానిని బాగుచేయించుకొనుటకు కొంత రుసుము కట్టవలెను. 2010 నాటికి ఆ క్రీడకు చందాదారులు ఒక కోటి ఇరువది లక్షలకు పెరిగిరి. ఇంతటి వృద్ధికి దండుగ తగ్గుట యొక్కటియే కారణమనుట సాహసము. కాని యది తోడ్పడెననుటలో సందేహము లేదు.

ఇంతవరకు చూచినవాడు, కాలక్రమమున దండుగ తగ్గుచు వచ్చినదనియు, జనులు సౌలభ్యమునే కోరుదురనియు నిర్ణయింపవచ్చును. కాని తరువాతి కథ యందుకు విరుద్ధముగా నున్నది. అదే క్రీడ యొక్క పాతరూపమును 2019లో మరల తెరువగా, ఆటగాండ్రు కొందరు తమకు తామే యొక నియమమును విధించుకొనిరి: ఒక్కమారు చచ్చినచో ఆ పాత్రను విడిచిపెట్టవలెను. ఈ నియమమును పాటించువారు పెరుగగా, 2023 ఆగస్టున నిర్మాతలే ఆ విధమైన ప్రత్యేకలోకమును తెరచిరి. సులభమని చేరినవారిలోనే కొందరు అతికఠినమును కోరి తెచ్చుకొనిరి. దండుగ పరిమాణమును మాత్రము కొలిచినచో ఈ విరోధము తెగదు.

చెడుగుడు మూడు పద్ధతులు

ఈ చిక్కును విడదీయుటకు మన చెడుగుడు నొకమారు తిరిగి చూడవలెను. మనదేశమున కబడ్డీకి సంజీవని, గామిని, అమర్ అను మూడు పద్ధతులు వాడుకలో నున్నవి. సంజీవనిలో చచ్చినవాడు, తన పక్షమువారు ఎదిరిపక్షమున నొకని చంపినప్పుడు బ్రతికి వచ్చును. గామినిలో చచ్చినవాడు తన జట్టంతయు చచ్చువరకు వెలుపలనే యుండవలెను. అమర్ లో చచ్చినవాడు బరి విడువడు; ఎదిరివారి కొక అంకము చేరును, ఆట సాగును.

వీడియో క్రీడలలోని చావులు నీ మూడు తెగలకే చేరుచున్నవని మా పరిశీలన. అంకములు పోవుటే గాని యాటగాడు పోని క్రీడలు అమర్ పద్ధతివి. 2017లో వచ్చిన 'పబ్‌జీ' గామినికి చేరినది: నూరుగురు దిగుదురు, చచ్చినవాడా పందెమున మరల లేడు. దాని ఫోను రూపము 2018లో మనదేశమునకు వచ్చి, తెలుగునాట విద్యార్థి వసతిగృహములందు మారుమ్రోగినది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వము నిషేధించినది. 2021లో వేరుపేరుతో మరల వచ్చినది. ఇందొక విశేషము కలదు. నలుగురు జట్టుగా ఆడునప్పుడు దెబ్బ తిన్నవాడు వెంటనే చావడు, నేలకొరుగును. గడువులోపల సహచరుడు చేరి వానిని లేపవచ్చును. అనగా గామిని యందును సంజీవని నొక చిటికెడు కలిపిరి. నేడు అంతర్జాతీయపు పోటీలలో నడచు కబడ్డీయు సంజీవనికి చేరువైనదే. చచ్చినవాని యాశ బరిలోని తోడివాని చేతిలో నుండుటయు, బ్రతికినవాని కూతకు వెలుపలివాని ప్రాణము తోడగుటయు దాని బలమని మా యూహ.

మనశ్శాస్త్రజ్ఞుల మతము

ఆటగాని మనస్సును గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పినదానిలో మన ప్రశ్నకు పనికివచ్చునవి నాలుగు గలవు.

మొదటిది నష్టభీతి. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ లు 1979లో ప్రకటించిన సిద్ధాంతమున, మనుష్యుని మనస్సు లాభముకంటె సమానమైన నష్టమును ఎక్కువ బరువుగా తూచునని నిరూపించిరి. 1992లో ఆ బరువు రెండింతలకు కొంచెము పైగా నుండునని లెక్కగట్టిరి. పది నాణెములు దొరికిన సంతోషముకంటె పది నాణెములు పోయిన దుఃఖము పెద్దది. కావున కొద్దిపాటి దండుగయు గట్టిగా తాకును. దీనివలన మేలును కీడును గలవు. పోవునను భయమున్నప్పుడు ఆటగాడు ప్రతి యడుగును చూచి వేయును; చీకటి గుహ నిజముగా చీకటిగా దోచును. భయము మితిమీరినచో వాడు క్రొత్త దారి త్రొక్కడు, ఎరిగిన మూలనే తిరుగుచుండును. అష్టాచెమ్మలో కాయను పండించుకొనుటకు బదులు సురక్షితమైన గడిలోనే యుంచుకొని కూర్చుండువానిని మనము చూడలేదా!

రెండవది, ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రైయన్ ల సిద్ధాంతము. మనుష్యుడు బయటి ప్రతిఫలముకొరకు గాక తనంతట తాను పనికి పూనుటకు మూడు కావలెనని వారందురు: తన యిష్టము ననుసరించి చేయుచున్నాననునది, నాకు చేతనగుచున్నదనునది, నాకు తోడున్నారనునది. రైయన్, రిగ్బీ, ప్రిజిబిల్‌స్కీ లు 2006లో ఈ సిద్ధాంతమును వీడియో క్రీడలకు అన్వయించి చూపిరి. దీనితో పై విరోధము చాలవరకు తీరుచున్నది. ఎవరో విధించిన కఠినదండుగ ఇచ్ఛను కొట్టివేయును; తాను కోరి తెచ్చుకొన్న కఠినదండుగ ఇచ్ఛకే చిహ్నమగును. ఉపవాసమును పస్తును ఆకలి విషయమున నొక్కటియే గాని మనస్సు విషయమున నొక్కటి కావు.

మూడవది యెస్పర్ యూల్ అను డెన్మార్కుదేశపు పండితుని పరిశీలన. ఆయన 2009లో ప్రకటించిన ప్రయోగఫలితమును బట్టి, ఒక్కమారైన ఓడక గెలిచినవారికంటె, కొంత యోడి పిదప గెలిచినవారు ఆటను ఎక్కువగా మెచ్చుకొనిరి. ఓటమి నెవరును కోరరు. ఓటమి లేని యాటనును కోరరు. 2013లో ఆయన దీనినే గ్రంథముగా విస్తరించి, విషాదనాటకమును ప్రేక్షకు డేల చూచునను పాత ప్రశ్నతో పోల్చెను. మన యాలంకారికులకీ ప్రశ్న క్రొత్త కాదు. కరుణరసమున దుఃఖమే యున్నచో దాని కెవరును అభిముఖులు గారనియు, అందు కలుగు నానందమునకు సహృదయుల యనుభవమే ప్రమాణమనియు విశ్వనాథుడు సాహిత్యదర్పణమున సమాధానము చెప్పెను. అయితే యొక భేదమున్నది. నాటకమున పతనమైనవాడు నాయకుడు, మనము సాక్షులము. ఆటలో పడినవాడు ఆటగాడే. వాడు తాను పడినందులకు తానే బాధ్యుడు. ఈ బాధ్యత చేదైనను, మరల లేచుటకు ఆధారమును నదియే.

నాలుగవది ఫిన్లాండు పరిశోధకులు నిక్లాస్ రవాయా మొదలగువారు 2006లో ప్రకటించిన పరీక్ష. బంతిలోనున్న కోతిని అంచు దాటకుండ నడిపించు ఒక క్రీడ నాడించి, ఆటగాండ్ర ముఖకండరముల కదలికను వారు కొలిచిరి. బంతి యంచునుండి పడిపోయిన క్షణమున ముఖము ముడుచుకొనుటకు బదులు నవ్వునకు సంబంధించిన కండరము కదలినది. ఆ పాటునే మరల చిత్రముగా చూపి, వారిని ఊరక చూడుమన్నప్పుడు మాత్రము ఆ సంతోషము కానరాలేదు. ఆడుచు పడుట వేరు, పడినదానిని నిశ్చేష్టుడై చూచుట వేరు. చేతిలో పగ్గమున్నంతవరకు పాటు కూడ ఆటలో భాగమే యని దీనివలన గ్రహింపనగును.

నిదర్శనములు

ఈ సూత్రములను కొన్ని ప్రసిద్ధక్రీడలలో పరీక్షింతము.

జపానునకు చెందిన ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థనుండి హిదెతాకా మియాజాకి నిర్దేశకత్వమున 2009లో 'డీమన్స్ సోల్స్', 2011లో 'డార్క్ సోల్స్' వచ్చినవి. కాఠిన్యమునకు పేరుపడిన క్రీడలివి. వీనిలో చచ్చినవాడు కూడబెట్టిన ధనమంతయు చచ్చినచోట నెత్తుటిమరకగా మిగులును. ఆటగాడు వెనుకటి విశ్రాంతిస్థలమున లేచి, మరల చావక అచటికి చేరినచో నంతయు దక్కును. దారిలో రెండవమారు చచ్చినచో నదియంతయు శాశ్వతముగా పోవును. ఇది పైకి క్రూరముగా గనబడును. కాని చూడుడు: పోయినది ఎచ్చట నున్నదో తెలియును, దానిని తెచ్చుకొను దారి తెలియును, చంపిన శత్రువు అదే చోట అదే విధముగా నిలిచియుండును. శత్రువు కత్తి ఎత్తు తీరును ఒకమారు చూచిన కన్ను దానిని మరువదు. ధనము పోవచ్చును, నేర్చినది పోదు. రెండవ ప్రయాణమున కొక ప్రయోజనము ముందే యేర్పడియున్నది. దండుగ ఇచట కుదువవలె నున్నది. విడిపించుకొను నవకాశ మొక్కటి చేతిలో నుంచిరి.

ఇందుకు ఎదిరి కొసన 2010లో వచ్చిన 'సూపర్ మీట్ బాయ్', 2018లో వచ్చిన 'సెలెస్ట్' గలవు. వీనిలో చావు పదింతలు తరచు. దండుగ దాదాపు శూన్యము. చచ్చిన క్షణమునకే మరల మొదట నిలుచును. మొదటిదానిలో ఒక ఘట్టమును గెలిచిన వెంటనే, ఆటగాని విఫలయత్నములన్నియు గెలిచిన యత్నముతోబాటు ఒకేమారు తెరపై పరుగులిడును. డెబ్బదిమంది చచ్చుచుండ ఒక్కడు గట్టెక్కు దృశ్యమది. రెండవది చావుల సంఖ్యను లెక్కించి చూపి, ఎన్ని చావులో అంత నేర్పు అను భావమును చెప్పును. ఈ క్రీడలు మిక్కిలి కష్టమైనవి. అయినను విసుగు పుట్టింపవు. కష్టమును దండుగయు రెండు వేరు విషయములని వీనివలన తేలుచున్నది. అవి రెండును గలిసినప్పుడు దండుగను తప్పుపట్టుటకు బదులు కష్టమును తప్పుపట్టుట కద్దు.

2020లో వచ్చిన 'హేడీస్' రోగ్‌లైక్ జాతిది. యవనపురాణములోని పాతాళాధిపతి కుమారుడు తండ్రియిల్లు దాటి పోవ యత్నించి, చచ్చినప్పుడెల్ల ఆ యింటికే తిరిగివచ్చును. వచ్చినప్పుడు ఇంటివారు క్రొత్తమాటలు చెప్పుదురు. కథ ముందుకు సాగును. చచ్చిననే గాని తెలియని సంగతులందున్నవి. మన పరమపదసోపానపటమున పరమపదమునకు చేరువలో పెద్దపాము మ్రింగినవాడు క్రిందికి జారినపుడు వాని కేమియు దొరకదు, నలుగురి నవ్వు దప్ప. ఇచట జారినవానికి కథ దొరకును.

దండుగ లేనిచో నేమగునో చూపుటకు 2007లో వచ్చిన 'బయోషాక్' నిదర్శనము. అందు చచ్చినవాడు దగ్గరి గదిలో లేచి వచ్చును. తాను గాయపరచిన శత్రువు ఆ గాయములతోనే యుండును. ఎంత చేతగానివాడైనను చచ్చుచు లేచుచు తుదకు గెలువవచ్చును. ఇది యాటను చప్పగా చేసినదని యాటగాండ్రు ఆక్షేపింపగా, నిర్మాతలు ఆ గదులను వలదనుకొనువారు తీసివేసికొను వీలును పిదప కల్పించిరి. ఇచటను ఎన్నిక ఆటగానిదే యగుట గమనింపదగినది.

దండుగ సంఘమునే నిర్మించుట కూడ కలదు. ఐస్‌లాండు దేశపు సంస్థ 2003లో ప్రారంభించిన 'ఈవ్ ఆన్‌లైన్' లో నాశనమైన నౌక మరల రాదు. 2014 జనవరిలో జరిగిన యొక మహాయుద్ధమున డెబ్బది యైదు పెద్ద నౌకలు నశించెననియు, నష్టము మూడులక్షల డాలర్ల విలువ చేయుననియు లెక్కగట్టిరి. నౌకలు నశించుటచేతనే వానిని కట్టువారికి పనియున్నది, బీమా యున్నది, కాపాడు మిత్రులకు విలువయున్నది. ఇచట ఒకని దండుగ ఇంకొకనికి జీవనాధారము.

అమ్మబడు ప్రాణము

ఇంతవరకు దండుగ ఆటకు లోబడియున్నది. అది యాటను దాటి బయటికి వచ్చిన సందర్భమును చెప్పక విడువరాదు. 2012లో వచ్చిన 'క్యాండీ క్రష్ సాగా' లో ఐదు ప్రాణములుండును. ఒక ప్రాణము పోయిన, అరగంటకు గాని మరల పుట్టదు. ఓపిక లేనివాడు స్నేహితుల నడుగవలెను. లేదా డబ్బిచ్చి కొనవలెను. ఇచట దండుగ నేర్పునకు సంబంధించినది కాదు. ఆటగాడు ఎందుకు చచ్చెనో ఆలోచింపవలసిన యరగంటలో వాడు గడియారమును చూచుచుండును. స్పేస్ ఇన్‌వేడర్స్ నాటి నాణెపు రంధ్రము ఇంటి క్రీడలలో పూడిపోయినదనుకొంటిమి. అది ఫోనులో మరల తెరచుకొన్నది. అంగడివాని నాణెము వంతుకు వెల. ఇది యసహనమునకు వెల. నష్టభీతి రెండింతలు బరువని తెలిసినవాడు, గెలుపునకు రెండడుగుల దూరమున చచ్చినవానికి "కొనుము, బ్రతుకుము" అని చూపుట ఆ బరువునే అమ్ముకొనుట. హైదరాబాదునను నేడు క్రీడానిర్మాణమే వృత్తిగాగల యువకులు పెక్కుమంది యున్నారు. వారిలో మన విద్యార్థులును, మన బిడ్డలును గలరు. రెండు విధముల దండుగలకును భేదము వారికి తెలిసియుండవలెను.

ఉపసంహారము

ఈ విషయము తెలుగు శాఖవారి కెందులకని యడుగువారుండవచ్చును. మమ్మీ పరిశీలనకు పురికొల్పినది యొక చిన్న సంఘటన. మా పర్యవేక్షణమున పరిశోధించుచున్న విద్యార్థి యొకడు తన సిద్ధాంతగ్రంథములోని మొదటి ప్రకరణము నిచ్చి, మేము దానిని త్రిప్పి పంపిన పిదప నాలుగు మాసములు కనబడలేదు. వసతిగృహమునకు పోయి చూడగా, డార్క్ సోల్స్ ఆడుచుండెను. ఒకే శత్రువు చేతిలో ముప్పదిమార్లు చచ్చితినని యుత్సాహముతో చెప్పెను. ముప్పదిమార్లు చచ్చి విసుగని నీవు ఒక్క తిరస్కారమునకే యేల మానితివని మేమడిగితిమి. కొంతసే పూరకుండి యతడిట్లనెను: "అక్కడ ఎక్కడ చచ్చానో తెలుస్తుంది సార్. మీరు ఇచ్చిన కాగితాల్లో తెలియలేదు."

ఆ కాగితములను తెప్పించి చూచితిమి. అరువది పుటలకు అడ్డముగా ఎఱ్ఱసిరాతో ఒక గీతయు, చివర "తిరిగి వ్రాయవలెను" అను మాటయు మా చేతివ్రాతలోనే యున్నవి. ఏ పుటలో వాదము తప్పినదో, ఏ ప్రమాణము చాలలేదో, ఏది నిలుపుకొనదగినదో మేము సూచింపలేదు. అతని యారునెలల శ్రమకు మేము వేసినది దండుగ యనుకొంటిమి, చేసినది దండుగ. ఆ వారమున ఆ ప్రకరణమును పుట పుటకును చదివి, తప్పినచోట తప్పినదనియు, బాగున్నచోట బాగున్నదనియు వ్రాసి యిచ్చితిమి. నలువది పుటలు నిలుపుకొనదగినవే యని తేలినది. అతడు మూడువారములలో మిగిలినవానిని తిరిగి వ్రాసి తెచ్చెను.

పై పరిశీలనమువలన తేలిన యంశములను సంగ్రహించుచున్నాము. చచ్చినవానికి తానెందుకు చచ్చెనో తెలియవలెను. దండుగ ధనమును, స్థానమును, కాలమును కొంత తీసికొనవచ్చును గాని నేర్చినదానిని తీసికొనరాదు. మరల వచ్చు దారి కంటికి గనబడవలెను. అది యెంత పొడవైనను సరియే. కాఠిన్యమును ఆటగాడు కోరి తెచ్చుకొన్నచో నది భారము కాదు. తోడివారి చేయి యందుచోట పెద్ద దండుగయు భరింపనగును. ఈ యైదింటిలో మొదటి మూడును తప్పనిసరి. అవి లేనిచో కడపటి రెండును ఎంతోకాలము నిలుపలేవు.

అష్టాచెమ్మలో చచ్చిన కాయను మన పెద్దలు పటమునుండి తీసి పారవేయలేదు. దాని యింటిలోనే పెట్టిరి. మరల గవ్వలు వేయు వంతు దానికిని వచ్చును.